పదకొండు సంబంధాలు చూసిన కెప్లర్

గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాకార కక్ష్యలో తిరుగుతాయని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే ఉంటారు. ఎంట్రన్స్ కోసం ఆ మూడు నియమాలూ బట్టీ కొట్టే ఉంటారు. వాటిని కనిపెట్టిన యోహానెస్ కెప్లర్ పెళ్లి సంగతి మాత్రం ఏ సిలబస్‌లోనూ ఉండదు. ఆఫర్ కోసం ఎదురుచూస్తున్న మీకు అది కూడా పనికొస్తుంది.

కెప్లర్ 1571లో జర్మనీలోని వైల్ డెర్ స్టాట్‌లో పుట్టాడు. చిన్నప్పుడే మశూచి సోకి చూపు దెబ్బతింది. మతబోధకుడు కావాలని ట్యూబింగెన్‌లో చదివితే, 1594లో గ్రాజ్‌లో లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చింది. అక్కడే బార్బరా ముల్లర్‌తో సంబంధం కుదిరింది. ఈలోగా మొదటి పుస్తకం అచ్చు పనుల మీద ఊరు వెళ్లి నెలల తరబడి ఉండిపోయాడు. సంబంధం తప్పిపోయేదే! చర్చి పెద్దలు పట్టుబట్టబట్టి 1597లో పెళ్లి జరిగింది.

8 నిమిషాల నిజాయతీ

1600లో ప్రాగ్‌లో టైకో బ్రాహే దగ్గర చేరాడు. అంగారకుడి కక్ష్యకు ఎంతో శ్రమపడి ఒక నమూనా కట్టాడు. టైకో కొలతలతో పోలిస్తే 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. అంటే డిగ్రీలో ఏడో వంతు కూడా కాదు. ఇంకొకరైతే సర్దుకుపోయేవారు. కెప్లర్ తన నమూనానే పక్కన పడేశాడు. 1609లో ప్రకటించిన మొదటి రెండు నియమాలకు దారి అక్కడే దొరికింది.

ఐదో సంబంధం

1611లో ఆరేళ్ల కొడుకు, తర్వాత భార్య చనిపోయారు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. మరుసటి ఏడాది లింజ్‌కు మారాడు. రెండో పెళ్లి కోసం దాదాపు రెండేళ్లలో 11 సంబంధాలు చూశాడు. నాలుగో ఆమె నచ్చింది, స్నేహితులూ సరేనన్నారు. ఇంతలో ఐదో ఆమె కనబడింది. ఎవరని తేల్చుకోలేక నాన్చాడు. విసిగిపోయిన నాలుగో ఆమె తన దారి తాను చూసుకుంది.

ఐదో ఆమె పేరు సుసానా రాయిటింగర్. వయసు 24. తల్లిదండ్రులు లేరు, కట్నం లేదు. అణకువ, పొదుపు, పిల్లల మీద ప్రేమ ఉన్నాయి. రాజగణితజ్ఞుడి హోదాకు ఆ సంబంధం తగదన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆయనా ఆ మాట విని ఇంకో ఆరు సంబంధాలు చూశాడు. వాటిలో గొప్పింటి పిల్లలూ ఉన్నారు. ఆయన వద్దనుకున్నవి కొన్ని, అవతలివాళ్లు కాదన్నవి కొన్ని. చివరికి మళ్లీ సుసానా దగ్గరికే వెళ్లాడు. అదృష్టం, ఆమె ఒప్పుకుంది. 1613 అక్టోబరులో పెళ్లయింది.

కోడింగ్ ఇంటర్వ్యూలకు చదివేవాళ్లకు సెక్రటరీ ప్రాబ్లమ్ తెలిసే ఉంటుంది. మొదటి 37 శాతం మందిని చూసి వదిలేయాలి, ఆ తర్వాత వాళ్లందరికన్నా మెరుగైనవారు రాగానే ఆగిపోవాలి. 11లో 37 శాతం అంటే సుమారు 4. కెప్లర్‌కు సుసానాయే అందరికన్నా నచ్చింది కాబట్టి, ఈ లెక్క ప్రకారం ఐదో సంబంధం దగ్గరే ఆగాలి!

ఈ లెక్క కెప్లర్ కాలంలో లేదు. అయితే ఆయన్ని ఆపింది లెక్క తెలియకపోవడం కాదు. నా స్థాయికి ఇది తక్కువేమో, నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ. ఆకాశంలో 8 నిమిషాల తేడా కోసం తన గొప్పను వదులుకున్నవాడు, పెళ్లి దగ్గర వదులుకోలేకపోయాడు. మనసుకు నచ్చిన మనిషి విషయంలోనైనా, చేతికొచ్చిన మొదటి ఉద్యోగం విషయంలోనైనా మనం చేసేదీ ఇదే. ఇంకా మంచిది వస్తుందిలే అనుకునేటప్పుడు, కావాల్సింది మనకా, నలుగురికి చెప్పుకోవడానికా అని ఒక్కసారి అడిగి చూసుకోండి. అవతలివాళ్లు క్యూలో నిలబడి ఉండరు. నాలుగో ఆమె నిలబడలేదు కదా!

పెళ్లయ్యాక ఇంటికి కొన్న ద్రాక్షసారా పీపాలను వ్యాపారి కొలిచిన తీరు చూసి అనుమానమొచ్చి, కెప్లర్ 1615లో పీపాల ఘనపరిమాణం మీద పుస్తకమే రాశాడు. మీరు చదివే ఇంటిగ్రేషన్‌కు తొలి అడుగుల్లో అదొకటి. 1619లో మూడో నియమం ప్రచురించాడు. 1630లో రేగెన్స్‌బర్గ్‌లో కన్నుమూసేదాకా సుసానాయే ఆయన ఇల్లాలు.