ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్.. మన హైదరాబాదీ! రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి తెలుసా?

ఆపరేషన్ అనగానే అందరికీ సర్జనే గుర్తొస్తారు. కానీ పేషెంట్ ప్రాణం మత్తు డాక్టర్ చేతిలో కూడా ఉంటుంది. ఆ పనిలో ప్రపంచంలోనే తొలి మహిళగా చెప్పుకునే డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ పని నేర్చుకుంది మన మూసీ ఒడ్డునే.

ఐదుగురిలో ఒకరు

1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో మొదట్లో పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. తర్వాత సర్జన్ ఎడ్వర్డ్ లారీ హయాంలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. 1885లో ఐదుగురు అమ్మాయిలు చేరారు. వాళ్లలో పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఒకరు. 1889లో హకీమ్ పట్టా అందుకున్నారు.

నాడి కాదు.. ఊపిరి చూడాలి

అప్పట్లో మత్తు అంటే క్లోరోఫామ్. డోసు కొంచెం ఎక్కువైతే పేషెంట్ లేవడు. నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి మీదే కన్నుండాలి.. ఇదీ లారీ స్టూడెంట్లకు నేర్పిన పాఠం. దీన్ని నిరూపించడానికే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సాయంతో 1888, 1889ల్లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. రూపాబాయి చదువు సాగింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అయితే లారీ చెప్పింది సగమే నిజం. క్లోరోఫామ్ నేరుగా గుండెను కూడా ఆపేయగలదని 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు తేల్చాయి. అందుకే ఇప్పుడు థియేటర్లో ఊపిరి, గుండె రెండింటినీ మానిటర్లు చూస్తుంటాయి.

కోర్సే లేదు.. అయినా ఆగలేదు

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో, జనానా ఆస్పత్రిలో, ఇప్పుడు సుల్తాన్ బజార్ ప్రసూతి ఆస్పత్రిగా ఉన్న రెసిడెన్సీ ఆస్పత్రిలో ఆమె ఏళ్ల తరబడి మత్తు ఇచ్చారు. పరదా పాటించే ఆడవాళ్లు మగ డాక్టర్ ముందుకు రావడానికే జంకే కాలమది. థియేటర్లో ఓ లేడీ డాక్టర్ ఉండటమే వాళ్లకు పెద్ద ధైర్యం.

ఇంకా నేర్చుకోవాలని 1909లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా వెళ్లారు. అక్కడా మత్తు వైద్యానికి విడిగా కోర్సు లేదు. దాంతో ఆ పనికి పనికొచ్చే ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి తిరిగొచ్చారు. 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు.

ఇప్పుడు ఎండీ అనస్థీషియా అంటే మూడేళ్ల రెసిడెన్సీ. సెమినార్లు, కేస్ డిస్కషన్లు, సీనియర్ పక్కన నిలబడి నేర్చుకునే థియేటర్ డ్యూటీలు, చివర్లో పరీక్ష. ఇవేవీ లేని రోజుల్లో తన సిలబస్ తానే వెతుక్కున్న డాక్టర్ రూపాబాయి. ఆమె చదివిన స్కూలే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీ.