పిల్లల కోర్టులో డాక్టర్ గారు

పోయిన సెమిస్టర్‌లో మా టీమ్ నలుగురం కాలేజీకి దగ్గర్లో ఉన్న ఒక గవర్నమెంట్ స్కూల్‌కి వెళ్లాం. ఎనిమిదో తరగతి పిల్లలకి బాలల హక్కుల గురించి నేర్పడం మా ప్రాజెక్ట్. స్క్రాచ్‌లో ఒక క్విజ్ గేమ్ చేశాం. కరెక్ట్ ఆన్సర్ నొక్కితే పిల్లి గెంతుతుంది. డెమో బాగానే నడిచింది. చివర్లో ఒక అమ్మాయి లేచి, ఇందులో తాము ఏదైనా చెప్పాలనుకుంటే ఎక్కడ చెప్పాలని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు, నాలుగూ మేం రాసినవే.

ఆ రాత్రి హాస్టల్‌లో ఏదో వెతుకుతుంటే యానుష్ కోర్చాక్ గురించి దొరికింది. తెల్లారేదాకా చదువుతూనే ఉన్నాను. మీకూ చెప్పాలనిపించింది.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. పోలండ్‌లోని వార్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. పుట్టినరోజు జూలై 22. సంవత్సరం మాత్రం 1878 అని కొందరు, 1879 అని కొందరు అంటారు. వాళ్ల నాన్న పుట్టుకని టైమ్‌కి రిజిస్టర్ చేయించలేదు మరి. నాన్న లాయర్. కానీ మానసిక జబ్బు వచ్చి ఆస్పత్రుల పాలయ్యారు, 1896లో చనిపోయారు. హెన్రిక్ చదువుకుంటూనే ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపారు. 1898లో ఒక రచనల పోటీకి పంపేటప్పుడు పెట్టుకున్న కలం పేరే యానుష్ కోర్చాక్. ఆ పేరే నిలిచిపోయింది.

1905లో డాక్టర్ అయ్యారు. వెంటనే రష్యా, జపాన్ యుద్ధానికి మిలిటరీ డాక్టర్‌గా పంపారు. తిరిగొచ్చాక వార్సాలో పిల్లల ఆస్పత్రిలో పనిచేశారు. పేరుంది, ప్రాక్టీస్ ఉంది. అయినా 1912లో క్రోఖ్మాల్నా వీధిలో యూదు అనాథ పిల్లల కోసం కట్టిన ఆశ్రమానికి డైరెక్టర్‌గా వెళ్లి, అక్కడే ఉండిపోయారు. ఆయనతో పాటు స్టెఫానియా విల్చిన్స్కా అనే ఆవిడ ముప్ఫై ఏళ్లు ఆ ఇంటిని నడిపారు. కోర్చాక్ పేరు చెప్పి ఆమె పేరు వదిలేస్తే అన్యాయం.

ఇక అసలు విషయం. ఆ ఆశ్రమంలో పిల్లల కోర్టు ఉండేది. ఎవరు ఎవరి మీదైనా కేసు పెట్టొచ్చు. టీచర్ మీద పెట్టొచ్చు, డైరెక్టర్ మీద కూడా పెట్టొచ్చు. ఆ వారం ఏ కేసూ లేని పిల్లల్లోంచి చీటీలు వేసి జడ్జిల్ని ఎంచుకునేవాళ్లు. చట్టం కోర్చాకే రాశారు. మొదటి 99 సెక్షన్లూ కేసు వదిలేయడానికో, క్షమించడానికో రాసినవే. ఆ తర్వాత 100, 200, 300 అంటూ 1000 దాకా వెళ్తాయి. మనకి హెచ్‌టీటీపీ స్టేటస్ కోడ్స్ ఉంటాయి కదా, చూడటానికి అలా ఉంటుంది. 1000 అంటే ఆశ్రమం నుంచి పంపేయడం. అక్కడిదాకా వెళ్లడం చాలా అరుదు.

ఒక ఆరు నెలల్లో కోర్చాక్ తన మీద తానే ఐదుసార్లు కేసు పెట్టుకున్నారు. ఒక అబ్బాయిని కొట్టినందుకు ఒకటి, ఒక పాపని దొంగతనం చేసిందని అనుమానించినందుకు ఇంకొకటి, ఒక జడ్జిని అవమానించినందుకు మరొకటి. జడ్జి అంటే పిల్లాడే. ఈ కేసులు తనకి ఎంతో నేర్పాయని ఆయన రాసుకున్నారు.

ఆ రోజుల్లో టెక్నాలజీ అంటే ప్రింటింగ్, రేడియో. రెండింటినీ ఆయన వాడుకున్నారు. 1926 అక్టోబర్ 9న ఒక యూదు దినపత్రికతో పాటు పిల్లల వారపత్రిక మొదలైంది. పేరు మావి ప్షెగ్లోండ్, అంటే చిన్న సమీక్ష. పిల్లల కోసం పెద్దవాళ్లు కథలు రాసే పత్రిక కాదది. పోలండ్‌లోని ఊళ్లూళ్ల నుంచి పిల్లలు పంపిన ఉత్తరాలే అందులో వార్తలు. స్కూల్లో దెబ్బలు, ఇంట్లో గొడవలు, స్నేహాలు అన్నీ అచ్చయ్యేవి. 1930లలో ఆయన రేడియోలో కూడా మాట్లాడేవారు. కానీ సొంత పేరుతో కాదు, ముసలి డాక్టర్ అనే పేరుతో. యూదులంటే ద్వేషం పెరిగిన రోజులవి. 1936లో ఆ ప్రోగ్రామ్ ఆపేశారు, మళ్లీ 1938లో మొదలైంది.

1924లో నానాజాతి సమితి జెనీవాలో బాలల హక్కుల ప్రకటన చేసింది. అది కోర్చాక్‌కి సరిపోలేదు. హక్కులు అడిగినట్టు కాకుండా పెద్దవాళ్ల దయని బతిమాలినట్టుందని 1929లో విమర్శించారు. నాకు మా క్విజ్ గుర్తొచ్చింది.

1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. పిల్లల పత్రిక చివరి సంచిక ఆ రోజుదే. 1940లో ఆశ్రమాన్ని ఘెట్టో గోడల లోపలికి తరలించారు. ఆకలి, జబ్బులు. 1942 జూలై 18న ఆ పిల్లలు ఒక నాటకం వేశారు. అది మన టాగోర్ రాసిన పోస్టాఫీసు. జబ్బుతో గదిలోనే ఉండిపోయి, కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే పిల్లాడి కథ. నాలుగు రోజుల తర్వాత ఘెట్టో నుంచి జనాన్ని రైళ్లలో తరలించడం మొదలైంది.

ఆగస్టు మొదటి వారంలో ఆశ్రమం వంతు వచ్చింది. తప్పించుకోవడానికి స్నేహితులు ఆయనకి దారి చూపించారు. ఆయన ఒప్పుకోలేదు. స్టెఫానియా కూడా వదిలి వెళ్లలేదు. దాదాపు 200 మంది పిల్లలతో కలిసి నడిచి రైలెక్కారు. ట్రెబ్లింకా క్యాంపులో అందరినీ చంపేశారు.

1978లో బాలల హక్కుల మీద అంతర్జాతీయ ఒప్పందం కావాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించిన దేశం పోలండే. 1989 నవంబర్ 20న అది వచ్చింది. మన దేశం 1992లో చేరింది. తమకి సంబంధించిన విషయాల్లో తమ మాట చెప్పుకునే హక్కు పిల్లలకుందని అందులో 12వ ఆర్టికల్ చెబుతుంది. మా క్విజ్‌లో ఇది ఏడో ప్రశ్న. పిల్లలందరూ కరెక్ట్‌గానే నొక్కారు. కానీ వాళ్ల మాట మాత్రం మేం వినలేదు.

మళ్లీ వెళ్లాం. ఈసారి గేమ్ పక్కనపెట్టి, పిల్లలే రాసి, పిల్లలే ఎడిట్ చేసే ఒక చిన్న న్యూస్ పేజీ చేయించాం. ఆ స్కూల్ కంప్యూటర్‌లోనే ఉంటుంది, నెట్ అక్కర్లేదు, పేర్లు రాయక్కర్లేదు. మొదటి వార్త మా మీదే వచ్చింది. కాలేజీ అన్నలు నేర్పుతామని వచ్చి, మౌస్ మాత్రం వాళ్ల చేతిలోనే పెట్టుకుంటున్నారట.

నిజమే. తీసేయకుండా అలాగే ఉంచాం. మౌస్ ఇచ్చేశాం.