జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్

జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ (డిసెంబర్ 30, 1847 - మార్చి 12, 1902) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన న్యాయవాది, రాజకీయ నాయకుడు. 1893 నుండి 1897 వరకు ఇల్లినాయ్ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేశాడు. విదేశంలో జన్మించి ఆ రాష్ట్ర గవర్నరు పదవిని చేపట్టిన మొదటి వ్యక్తి ఇతడే. మే దినోత్సవానికి నేపథ్యమైన హేమార్కెట్ కేసులో మిగిలిన ముగ్గురు ఖైదీలను విడుదల చేసినందుకు ప్రసిద్ధుడు.

బాల్యము

ఆల్ట్‌గెల్డ్ జర్మనీలోని నస్సావు ప్రాంతంలో గల నీడర్‌సెల్టర్స్ గ్రామంలో జన్మించాడు. 1848లో తల్లిదండ్రులు పసివాడైన అతనితో అమెరికాకు వలసవచ్చి, ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్ సమీపంలో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డారు. పొలం పనుల వలన అతని చదువు అంతంతమాత్రంగానే సాగింది. 1864లో, పదహారేళ్ళ వయసులో, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. అక్కడ సోకిన జ్వరం జీవితాంతం అతని ఆరోగ్యాన్ని పీడించింది. తరువాత కొంతకాలం ఉపాధ్యాయుడిగాను, రైలుమార్గ నిర్మాణంలో కూలీగాను పనిచేశాడు.

స్థానిక పదవులు

మిస్సోరీ రాష్ట్రంలోని సవన్నా పట్టణంలో బడిపంతులుగా ఉంటూనే న్యాయశాస్త్రాన్ని స్వయంగా అభ్యసించి న్యాయవాది అయ్యాడు. మొదట ఆ పట్టణానికి న్యాయవాదిగా నియమితుడయ్యాడు. 1874లో రైతు ఉద్యమం మద్దతుతో ఆండ్రూ కౌంటీ ప్రాసిక్యూటరుగా ఎన్నికయ్యాడు. మరుసటి సంవత్సరమే ఆ పదవిని వదలి షికాగో చేరాడు. 1877లో ఎమ్మా ఫోర్డ్‌ను వివాహమాడాడు. స్థిరాస్తి వ్యాపారంలో బాగా ధనం గడించాడు. 1884లో శిక్షావ్యవస్థపై వ్రాసిన పుస్తకంలో, చెరసాలలు ప్రధానంగా పేదలతోనే నిండుతున్నాయని, అవి మనుషులను సంస్కరించడంలేదని వాదించాడు. అదే సంవత్సరం కాంగ్రెసుకు పోటీచేసి ఓడిపోయాడు. 1886లో కుక్ కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయమూర్తిగా ఎన్నికై, 1891లో రాజీనామా చేశాడు.

గవర్నరుగా

1892 ఎన్నికలలో డెమొక్రాటిక్ పార్టీ తరఫున గెలిచాడు. 1850ల తరువాత ఆ రాష్ట్రంలో ఆ పార్టీకి దక్కిన మొదటి గవర్నరు పదవి ఇది.

1886 మే 4న షికాగో హేమార్కెట్ కూడలిలో కార్మికుల సభ వద్ద బాంబు పేలి పోలీసులు మరణించారు. బాంబు విసిరినదెవరో తేలకపోయినా ఎనిమిదిమందికి శిక్షపడింది. వారిలో నలుగురిని 1887 నవంబర్ 11న ఉరితీశారు. అంతకు ముందురోజు ఒకరు చెరలోనే ఆత్మహత్య చేసుకున్నారు. మిగిలిన శామ్యూల్ ఫీల్డెన్, మైకేల్ ష్వాబ్, ఆస్కార్ నీబ్ జైలులో ఉన్నారు. 1893 జూన్ 26న ఆల్ట్‌గెల్డ్ ఈ ముగ్గురికీ పూర్తి క్షమాభిక్ష ప్రసాదించాడు. దయతలచి విడిచిపెట్టినట్లు చెప్పి ఉంటే విమర్శ స్వల్పంగానే ఉండేది. కాని జ్యూరీని పక్షపాతంతో ఎంపిక చేశారని, న్యాయమూర్తి నిష్పాక్షికంగా వ్యవహరించలేదని, నేరం ఋజువు కాలేదని తన ఉత్తర్వులో సవివరంగా పేర్కొన్నాడు. దీనితో పత్రికలు అతనిని విదేశీయుడని, అరాచకవాది అని తీవ్రంగా దూషించాయి.

అదే సంవత్సరం కర్మాగారాలలో బాలకార్మికతను నియంత్రించి, స్త్రీలకు ఎనిమిది గంటల పనిదినాన్ని నిర్ణయించే చట్టం వచ్చింది. దాని అమలుకై ఫ్లారెన్స్ కెల్లీని ప్రధాన తనిఖీ అధికారిగా నియమించాడు. అయితే ఎనిమిది గంటల నిబంధనను రాష్ట్ర సుప్రీంకోర్టు 1895లో కొట్టివేసింది. 1894 పుల్‌మన్ రైల్వే సమ్మెలో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ రాష్ట్రం కోరకుండానే షికాగోకు కేంద్ర సైన్యాన్ని పంపగా, తన పార్టీవాడే అయినా అతనికి నిరసన తెలిపాడు.

చివరి సంవత్సరాలు

1896లో డెమొక్రాటిక్ పార్టీ ఎన్నికల ప్రణాళికను తీర్చిదిద్దడంలో ఆల్ట్‌గెల్డ్ ముఖ్యపాత్ర వహించాడు. విదేశంలో జన్మించినందున దేశాధ్యక్ష పదవికి మాత్రం అనర్హుడు. ఆ సంవత్సరం గవర్నరు ఎన్నికలో జాన్ టానర్ చేతిలో ఓడిపోయాడు. 1899లో షికాగో మేయరు పదవికి స్వతంత్రంగా పోటీచేసి మళ్ళీ ఓడిపోయాడు. ఆస్తి కూడా చాలావరకు పోగా, క్లారెన్స్ డారోతో కలసి తిరిగి న్యాయవాద వృత్తి చేపట్టాడు. 1902 మార్చిలో జోలియెట్ పట్టణంలో దక్షిణాఫ్రికా బోయర్లకు మద్దతుగా ప్రసంగించిన అనంతరం కుప్పకూలి, మరునాడు మరణించాడు. షికాగోలోని గ్రేస్‌లాండ్ శ్మశానవాటికలో అతనిని ఖననం చేశారు. కవి వాచెల్ లిండ్సే అతని స్మృతిలో ఒక కవిత వ్రాశాడు.