సి.కె. నాయుడు

భారత క్రికెట్ క్రీడాకారులలో అగ్రగణ్యుడెవరన్న చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది. పరుగుల సంఖ్యయే ప్రమాణమైతే కొట్టారి కనకయ్య నాయుడుగారికి అందులో చోటు దక్కదు. ఆయన ఆడినవి 7 టెస్టులు. చేసినవి 350 పరుగులు మాత్రమే.

నాగపూరులోని తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన నాయుడుగారు, 1926లో బొంబాయిలో హిందూ జట్టు పక్షాన ఆడి, ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించారు. పాలకుల ఆటలో వారికి దీటుగా నిలువగలమన్న విశ్వాసాన్ని దేశవాసులకు కలిగించారు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం తొలి టెస్టు ఆడినప్పుడు జట్టు నాయకుడు ఆయనే. అప్పటికే ఆయనకు 36 ఏండ్లు. 1956లో పద్మభూషణ్ పురస్కారం పొంది, 1967లో ఇందూరులో కన్నుమూశారు.

దేశానికి టెస్టు ఆడే అవకాశం లభించేసరికి ఆయన యౌవనం గడిచిపోయింది. బాట వేసినవాని ఘనతను, ఆ బాటలో నడిచినవారి అడుగుల లెక్కతో కొలువరాదు.