బెంజమిన్ ఫ్రాంక్లిను దోషపట్టిక

సంఘకార్యములను నడపువారికి పరుల గుణదోషములను విమర్శించు నేర్పు సహజముగనే యలవడును. తమ గుణదోషములను తామే లెక్కించి, ఆ లెక్కను కాగితముపై బెట్టినవారు మాత్రము మిక్కిలి యరుదు. అట్టి యరుదైనవారిలో నొకడగు బెంజమిన్ ఫ్రాంక్లిను చరిత్రమును పాఠకమహాశయులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

ఈతడు 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన, అమెరికాయందలి బోస్టను పట్టణమున, కొవ్వువత్తులును సబ్బును జేసి యమ్ముకొను నొక సామాన్యుని యింట జన్మించెను. తండ్రికి సంతానము 17 మంది, ఈతడు పదునేనవవాడు. పాఠశాలలో రెండేండ్లకు మించి చదువలేదు. అందును గణితమున దప్పెను. పండ్రెండవయేట అన్నగారి అచ్చుకూటమున పని నేర్వ జేరి, 1723లో ఆయనతో సరిపడక, ఒడంబడిక గడువు తీరకమునుపే ఫిలడెల్ఫియాకు బారిపోయెను. అచ్చటను అచ్చుపనియే చేసి ధనమును బ్రతిష్ఠను గడించెను.

ముప్పదియేండ్లు నిండకమునుపే, దోషరహితుడుగా జీవింపవలెనని యీతనికొక సంకల్పము పుట్టెను. మితాహారము, మితభాషణము, క్రమము, పొదుపు, న్యాయము మున్నగు గుణములను పండ్రెండింటిని దనకై యేర్పరచుకొనెను. క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు మొగమాటము లేక, ఫ్రాంక్లిను గర్వియని జనులనుకొనుచున్నారనియు, వాదమున దన పక్షము నెగ్గుటతో దృప్తినొందక యెదుటివానిని చిన్నబుచ్చుననియు దృష్టాంతములతో జెప్పెను. ఫ్రాంక్లిను కోపగింపక, వినయమును పదుమూడవ గుణముగా జేర్చెను. మా యభిప్రాయమున నాతని చరిత్రమునందెల్ల నిదియే ముఖ్యఘట్టము. పండ్రెండింటిని దానే కనుగొనగలిగెను. పదుమూడవది యొరుడు చెప్పినగాని కానరాలేదు. పెద్దలను జేరి కొలుచువారిలో నిట్లు చెప్పగలవారెందరు? చెప్పినవానిని మరల గుమ్మమెక్కనిచ్చు పెద్దలెందరు?

పిమ్మట నొక చిన్న పుస్తకమున ఎఱ్ఱసిరాతో గీతలు గీసి, అడ్డముగ వారములేడును, నిలువుగ గుణములు పదుమూడును వ్రాసికొని, ఆనాడు దప్పినచోట నల్లచుక్క పెట్టుచుండెను. వారమున కొక గుణముపై విశేషదృష్టి, పదుమూడు వారముల కొక యావృత్తి, ఏటికి నాలుగావృత్తులు. చుక్కలను చెరిపి చెరిపి కాగితము చిల్లులు పడగా, దంతపు రేకులపై పట్టిక గీసికొని, సీసపుకడ్డీతో గుర్తిడి, తడిగుడ్డవంటి దానితో దుడుచుచు వచ్చెను. మేము ముప్పది యేండ్లకు బైగా ఎఱ్ఱసిరాతో బాలుర తప్పులను దిద్దినవారము. మా పేర నొక్కపుటయైన గీసికొన్నవారము కాము.

అన్నిటికంటె క్రమమను గుణ మీతనిని మిక్కిలి బాధించెను. జ్ఞాపకశక్తి మెండగుటచే కాగితముల నెచ్చట బడవైచినను పని జరుగుచుండెను. కావున నభ్యాసము కుదరలేదు. గొడ్డలి నంతయు నద్దమువలె మెఱయజేయగోరి, సానచక్రము త్రిప్పలేక యలసి, మచ్చల గొడ్డలియే మేలని యింటికి గొనిపోయిన యొకని కథను దనకే యన్వయించుకొని నవ్వుకొనెను. దీనిని సోమరులు సాకుగ జెప్పుకొందురు. ఫ్రాంక్లిను మాత్రము, పూర్ణత్వమందకున్నను, యత్నింపకున్నచో నుండదగినదానికంటె మేలైనవాడనైతినని వ్రాసికొనెను.

వినయము సంగతి వేఱు. నిస్సందేహముగ, నిశ్చయముగ అను మాటలను విడిచి, నాకిట్లు తోచుచున్నదని పలుకుట యభ్యసించెను. తాను వక్తను కాననియు, పదములకై తడువుకొందుననియు నెఱుగును. అయినను సభలలో దన మాటయే తఱచు నెగ్గుటకు నీ యలవాటే కారణమని యెంచెను. 1731లో చందాదారుల గ్రంథాలయమును స్థాపించునపుడు, ప్రతిపాదకుడు తానేయనిన జనులు వెనుదీయుట గమనించి, ఇది కొందఱు మిత్రుల యాలోచనయని చెప్పి తాను మఱుగున నుండెను. చందాలు సులువుగ వచ్చెను. తనకు వినయముయొక్క రూపమే లభించెనుగాని సారము లభింపలేదనియు, గర్వమును జయించినచో ఆ జయమునకే గర్వింతుననియు నొప్పుకొనెను. 1771లో స్వీయచరిత్రము నారంభించి, అచ్చుకూటమువాడగుటచే దన నడవడిలోని తప్పులను అచ్చుతప్పులని పేర్కొనెను. అన్నను విడిచి పాఱుట వానిలో మొదటిది.

1776లో స్వాతంత్ర్యప్రకటనపై సంతకము చేయుట, ఫ్రాన్సున రాయబారము, 1783 నాటి సంధి యెల్లరెఱిగినవే. 1787లో రాజ్యాంగసభయందు, 81 యేండ్ల వృద్ధుడై, తన తుదియుపన్యాసమును మఱియొక సభ్యునిచే జదివించెను. అందలి కొన్ని యంశములు దనకు నచ్చకున్నను, తన తీర్పునే కొంత శంకించి సమ్మతించుచున్నాననియు, తక్కినవారును దమ దోషరాహిత్యమును గొంచెము శంకింపవలయుననియు గోరెను.

ఆ పదుమూడు గీతలలో జేరనిదొకటి కలదు. ఈతని యింట బానిసలుండిరి. ఈతని పత్రికలో బానిసల విక్రయప్రకటనలు పడెను. ఆ దోషమునకు జిరకాలము పట్టికలో జోటు దొరకలేదు. 1787లో బానిసత్వనిర్మూలన సంఘమున కధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసునకు విజ్ఞాపనపత్రమును బంపెను. రాష్ట్రములలోని బానిసలను విడిపించు నధికారము తమకు లేదని ప్రతినిధిసభవారు తేల్చిరి. ఆ యేప్రిలు 17వ తేదీన ఫ్రాంక్లిను ఫిలడెల్ఫియాలో మరణించెను.