కచేరీలో ఇమడలేదు.. తెలుగులో ఒదిగిపోయారు
ఉద్యోగానికీ, అభిరుచికీ మధ్య నలిగిన సి.పి. బ్రౌన్ జీవితం

కడప: చేసే కొలువు ఒకటి, మనసు కోరే పని మరొకటి అయితే ఏం చేయాలి? ఈ ప్రశ్న నేటి యువతకే పరిమితమైనది కాదు. ఇష్టం లేని ఉద్యోగాన్ని వదిలేయమనే వారు కొందరు, మనసు చంపుకొని నెట్టుకురమ్మనే వారు మరికొందరు. రెండు శతాబ్దాల క్రితం కడప కచేరీలో అడుగుపెట్టిన ఓ ఆంగ్లేయ యువకుడికీ ఇదే పరిస్థితి ఎదురైంది. ఆయన ఉద్యోగాన్ని వదులుకోలేదు, మనసునూ చంపుకోలేదు. జీతం తెచ్చే పనిని పగలు చేస్తూ, ఆ జీతాన్ని ప్రాణప్రదమైన పనికి వెచ్చించారు. అందుకు అప్పుల పాలయ్యారు, ఒక దశలో కొలువుకే దూరమయ్యారు. ఆయనే తెలుగువారు నేటికీ ఆత్మీయంగా తలచుకునే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

పండితుని ఇంట జననం

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, బహుభాషావేత్త. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పేందుకు 1800లో కలకత్తాలో ఏర్పడిన ఫోర్ట్ విలియం కళాశాలకు ఆయన అధ్యక్ష స్థానంలో పనిచేశారు. ఇంటి నిండా గ్రంథాలు, ఎప్పుడూ భాషలను గురించిన చర్చలు. ఆ వాతావరణంలో పెరిగిన బాలుడికి చిన్ననాటనే పలు భాషలతో పరిచయం కలిగింది.

1812లో తండ్రి కన్నుమూయడంతో కుటుంబం ఇంగ్లండుకు తరలివెళ్లింది. ఈస్టిండియా కంపెనీ తన సివిల్ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కళాశాలలో బ్రౌన్ చదువుకున్నారు. 1817 ఆగస్టులో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు. పండితుని కుమారుడు పన్నులు వసూలు చేసే యంత్రాంగంలో ఒక భాగమయ్యారు.

మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు నేర్పారు. దేశభాష రాని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడని గవర్నరు సర్ థామస్ మన్రో గట్టిగా నమ్మేవారు. తెలుగు పరీక్షలో ఉత్తీర్ణులైన బ్రౌన్ 1820లో కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడిగా నియమితులయ్యారు.

లెక్కల మధ్య ఉక్కిరిబిక్కిరి

ఆనాటి కచేరీ ఉద్యోగం అంటే తీరిక దొరకని చాకిరీ. భూముల కొలతలు, శిస్తు నిర్ణయం, జమాబందీ, బకాయిల వసూలు, సరిహద్దు తగాదాలు, అర్జీల విచారణ. ఇవికాక న్యాయస్థానం పనులు, మేజిస్ట్రేటు బాధ్యతలు. సహాయకుడిగా చేరినవారు కలెక్టరు కావాలి, ఆపై మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు చేరాలి. సివిల్ ఉద్యోగుల్లో చాలామంది కోరుకున్న నిచ్చెన ఇదే. విశ్రాంత జీవితానికి కావలసినంత కూడబెట్టుకొని స్వదేశానికి వెళ్లిపోవడం వారి లక్ష్యం.

బ్రౌన్ కూడా కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో ఏళ్ల తరబడి రెవెన్యూ, న్యాయ శాఖల పనులు నిర్వర్తించారు. అయితే ఆయన డబ్బు ఎటు పోయిందో, తీరిక వేళలు ఎలా గడిచాయో గమనిస్తే మనసు ఎక్కడ ఉన్నదీ అర్థమవుతుంది. తోటివారు ఆస్తులు సమకూర్చుకుంటున్న వయసులో ఆయన తాళపత్రాలు సమకూర్చుకున్నారు. కచేరీ పని ముగిసిన తరువాత పండితులను కూర్చోబెట్టుకొని ఛందస్సు, వ్యాకరణం, కావ్యాలు చదువుకున్నారు. తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటి పండితులు ఆయనకు తోడ్పడ్డారు. ఆ కృషి ఫలితంగానే తెలుగు, సంస్కృత ఛందస్సులపై ఆయన పుస్తకం 1827లో వెలువడింది.

మలుపు తిప్పిన వేమన

ఫ్రెంచి మతాచార్యుడు అబే దుబాయ్ హిందువుల ఆచార వ్యవహారాలపై రాసిన గ్రంథం 1824లో బ్రౌన్ కంటపడింది. అందులో వేమన ప్రస్తావన ఉంది. ఆ పేరు పట్టుకొని ఆయన వేమన పద్యాల ప్రతుల కోసం అన్వేషణ ఆరంభించారు. జనం నోళ్లలో నానుతున్న ఆ పద్యాలను నాటి పండితులు చిన్నచూపు చూసేవారు. బ్రౌన్ అందుకు భిన్నంగా దొరికిన ప్రతులన్నీ తెప్పించి, పోల్చి చూసి, ఆంగ్లంలోకి అనువదించారు. 693 పద్యాలతో 1829లో తొలి ముద్రణ వెలువడింది. పదేళ్ల తరువాత 1839లో 1164 పద్యాలతో మరో ముద్రణ వచ్చింది. సీమ పల్లెల్లో రచ్చబండల వద్ద వినిపించే పద్యం అలా సముద్రాలు దాటింది.

కంపెనీ ఇచ్చిన కొలువులో వేమనకు చోటు లేదు. ఈ పని చేయమని ఏ అధికారీ ఆయనను ఆదేశించలేదు. చేయకపోయినా అడిగేవారు లేరు. తనంతట తాను నెత్తికెత్తుకున్న ఈ పనిలోనే బ్రౌన్‌కు తాను దేనికి తగినవాడినో తెలిసివచ్చింది.

అప్పుల బంగళా

కడపలో బ్రౌన్ ఒక బంగళా కొన్నారు. ఆ ఇల్లు పండితులకు కార్యశాలగా మారింది. అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో అక్కడి పనులు సాగాయి. ఒకే కావ్యానికి సంబంధించిన పలు తాళపత్ర ప్రతులను వివిధ ప్రాంతాల నుంచి సేకరించేవారు. లేఖకులు వాటిని కాగితాలపైకి ఎక్కించేవారు. పండితులు పాఠాలను సరిపోల్చి తప్పులు దిద్దేవారు. ఆపై శుద్ధప్రతి తయారయ్యేది. చెదలకు, తేమకు ఆహుతి కావలసిన ఎన్నో కావ్యాలు ఈ విధంగా నిలిచాయి. పేద పిల్లల కోసం ఆయన ఉచిత పాఠశాలలనూ నడిపారు.

పండితుల జీతాలు, లేఖకుల కూలి, కాగితాల ఖర్చు, ప్రతుల కొనుగోలు అన్నీ బ్రౌన్ సొంత జేబు నుంచే. కంపెనీ సివిల్ ఉద్యోగి జీతం నాటి లెక్కల్లో తక్కువేమీ కాదు. అయినా అది చాలక ఆయన అప్పులు చేశారు. ఆ రుణభారం చాలాకాలం వెంటాడింది. వడ్డీ కట్టాలంటే జీతం కావాలి, జీతం రావాలంటే కచేరీకి వెళ్లాలి. ఇష్టమైన పనే ఆయనను ఇష్టంలేని ఉద్యోగానికి మరింత గట్టిగా కట్టిపడేసింది.

కొలువు పోయిన వేళ

రెండు పడవల ప్రయాణం ఎల్లకాలం సాఫీగా సాగలేదు. 1834లో బ్రౌన్ ఉద్యోగానికి దూరమయ్యారు. 17 ఏళ్ల సర్వీసు తరువాత, మీదపడిన అప్పులతో ఇంగ్లండు బాట పట్టవలసి వచ్చింది. నిచ్చెన ఎక్కవలసిన వయసులో నేల మీదకు దిగిపోవడం ఎవరికైనా గట్టి దెబ్బే.

లండన్‌లోనూ ఆయన చూపు తెలుగు వైపే మళ్లింది. కంపెనీ కార్యాలయమైన ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణ దేశపు తాళపత్రాలు పట్టించుకునే నాథుడు లేక పడి ఉన్నాయి. చదవగలిగినవారు అక్కడ లేరు. బ్రౌన్ వాటిని పరిశీలించి, అవి ఉండవలసిన చోటు మద్రాసేనని అధికారులను ఒప్పించారు. అలా ఆ గ్రంథాలు తిరిగి ఈ గడ్డకు చేరాయి. బ్రౌన్ సొంతంగా సేకరించిన ప్రతులను కూడా 1840లలో మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించారు. నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న తెలుగు సంపదలో ఆయన సేకరణకు ముఖ్యమైన స్థానం ఉంది.

తగిన పని దొరికింది

మద్రాసుకు తిరిగి వచ్చిన బ్రౌన్‌ను 1838లో ప్రభుత్వం పర్షియన్ అనువాదకుడిగా నియమించింది. శిస్తు వసూళ్లతో పోలిస్తే ఇది ఆయన స్వభావానికి ఎంతో దగ్గరైన పని. 1846లో పోస్టుమాస్టర్ జనరల్ బాధ్యతలతోపాటు ప్రభుత్వ తెలుగు అనువాదకుడి పనీ అప్పగించారు. విద్యామండలిలో సభ్యత్వం, కళాశాల గ్రంథాలయంలోని లిఖిత ప్రతుల సంరక్షణ కూడా ఆయనకే దక్కాయి. ఎక్కడ పనికొస్తారో ప్రభుత్వం గుర్తించేసరికి ఆయన జుట్టు నెరిసే వయసు వచ్చింది.

ఆ తరువాతి ఏళ్లు ఫలవంతమైనవి. 1840లో తెలుగు వ్యాకరణం వెలువడింది. జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యతో 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర అచ్చయ్యాయి. 1852 నుంచి 1854 వరకు నిఘంటువులు వరుసగా వచ్చాయి. వీటిలో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆయన పేరును శాశ్వతం చేసింది.

కచేరీ ఇచ్చిన కానుక

బ్రౌన్ జీవితంలో ఆలోచింపజేసే అంశం ఒకటుంది. తనకు సరిపడని ఆ కచేరీయే ఆయన నిఘంటువులకు ముడిసరుకు అందించింది. అర్జీదారులు, రైతులు, కరణాలు, సాక్షులు రోజూ ఆయన ముందు నిలబడి మాట్లాడేవారు. కావ్యాలలో దొరకని తెలుగు అక్కడ వినిపించేది. తెలుగు మాటల నడుమ హిందూస్తానీ, పర్షియన్, ఇంగ్లీషు పదాలు కలిసిపోయి ఉండేవి. పండితులు అపభ్రంశమని తోసిపుచ్చే మాటలను బ్రౌన్ రాసిపెట్టుకున్నారు.

కచేరీల్లో, న్యాయస్థానాల్లో వాడుకలో ఉన్న పదాలకు అర్థాలు చెబుతూ జిల్లా నిఘంటువును 1852లో ప్రచురించారు. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలతో మిశ్రభాషా నిఘంటువును 1854లో వెలువరించారు. పల్లె వ్యవహారాలు, తగాదాలకు సంబంధించిన వ్యావహారిక భాషను కూడా పుస్తకరూపంలోకి తెచ్చారు. గ్రంథాలయంలోనే జీవితం గడిపిన పండితుడైతే ఈ మాటలు విని ఉండేవారు కాదు. ఉద్యోగం నచ్చకపోయినా బ్రౌన్ అక్కడ చెవులు మూసుకు కూర్చోలేదు.

పండితుల పాత్ర మరువరానిది

ఈ ఘనత అంతా బ్రౌన్ ఒక్కరిదే అనుకోవడం సరికాదు. పాఠాలు పరిష్కరించినవారు, టీకలు రాసినవారు, రాత్రింబవళ్లు ప్రతులు ఎత్తి రాసినవారు తెలుగు పండితులు, లేఖకులే. వారిలో కొందరి పేర్లే చరిత్రకెక్కాయి. బ్రౌన్ సాధించిన పనికి ఆయన హోదా, జీతం కూడా తోడ్పడ్డాయన్నది కాదనలేని నిజం. ఆ జీతం వచ్చింది ఈ నేల రైతులు కట్టిన శిస్తు నుంచే. ఆయన అవివాహితుడు కావడంతో సంపాదనంతా పుస్తకాలకు ధారపోయగలిగారు. ఇల్లు గడవాల్సిన ప్రతి ఉద్యోగికీ ఇది సాధ్యమయ్యే పని కాదు. అయితే అంతే జీతం, అంతకు మించిన హోదా ఉన్న కంపెనీ దొరలు వందల సంఖ్యలో వచ్చి వెళ్లారు. వారిలో ఇటువంటి పనికి పూనుకున్నవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు.

పదవి మరుగున.. పేరు వెలుగున

38 ఏళ్ల సర్వీసు తరువాత 1855లో బ్రౌన్ ఉద్యోగానికి రాజీనామా చేసి లండన్ వెళ్లిపోయారు. అక్కడ విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. ఉద్యోగ బాధ్యతల్లోనూ తెలుగే ప్రధానమైన కాలం ఆయనకు అప్పుడు లభించింది. తన జీవితం గురించి తానే ఒక చిన్న పుస్తకం రాసుకొని, దానికి సాహిత్య జీవితమని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి చేసిన రెవెన్యూ, న్యాయ, తపాలా కొలువుల్లో ఏ ఒక్కదానికీ ఆ శీర్షికలో చోటు దక్కలేదు. 1884 డిసెంబరు 12న, 86 ఏళ్ల వయసులో ఆయన లండన్‌లో కన్నుమూశారు. అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో సమాధి ఉంది.

ఆయన నిఘంటువు మాత్రం విశ్రమించలేదు. కందుకూరి వీరేశలింగం తదితరుల పరిష్కరణతో 1903లో మలిముద్రణ వచ్చింది. ఆపై పలుమార్లు అచ్చయింది. ఇప్పుడు అంతర్జాలంలోనూ విద్యార్థులు, పరిశోధకులు, అనువాదకులు అందులో మాటలు వెతుక్కుంటున్నారు. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై తెలుగు మహనీయుల సరసన ఆయన విగ్రహం ఉంది.

కడప యర్రముక్కపల్లిలో ఒకనాడు బ్రౌన్ నివసించిన స్థలంలోనే నేడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి చేసిన కృషికి ఇది ప్రతిరూపం. ప్రస్తుతం యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఈ కేంద్రం నడుస్తోంది. వేమనను వెలికితీసిన బ్రౌన్ స్మృతిని వేమన పేరిట వెలసిన విశ్వవిద్యాలయమే కాపాడుతుండటం విశేషం. కడప కచేరీలో ఆయన తేల్చిన జమాబందీ లెక్కలు నేడు ఎవరికీ అవసరం లేదు. సాయంత్రం వేళ పండితులతో కలిసి దిద్దిన ప్రతుల కోసం మాత్రం ఇప్పటికీ పాఠకులు వస్తూనే ఉన్నారు.