అలన్ ట్యూరింగ్ - ఆగని లెక్కకు గడువు

భైంసా హాస్టల్లో చదివి ఇప్పుడు కంప్యూటర్ ల్యాబుల్లో కూర్చుంటున్న మా వంటి వారికి ఒక అనుభవం తప్పదు. ప్రోగ్రామ్ రన్ చేస్తాం, లూపు తిరుగుతూనే ఉంటుంది, జవాబు రాదు. ఇంకాసేపు చూడాలా, ఆపేయాలా? ఈ ప్రశ్న మూలం వెతుక్కుంటూ పోతే అలన్ ట్యూరింగ్ దగ్గరికి చేరుతాం.

ఆయన 1912 జూన్ 23న లండన్‌లో జన్మించారు. తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు - ఆ తండ్రి పనిచేసిన ఊళ్లన్నీ మనకు తెలిసినవే. తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే అలన్, అన్న జాన్ ఇంగ్లండులో పరాయి వారింట్లో పెరిగారు. ఆ తరువాత బోర్డింగ్ స్కూలు. దొర బిడ్డే కావచ్చు, కానీ అమ్మానాన్నలకు దూరంగా ఉండడమంటే ఏమిటో మన తమ్ముళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1926 మేలో షెర్‌బోర్న్ స్కూల్లో చేరే వేళకు దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. పద్నాలుగేళ్లు నిండని అలన్ సౌతాంప్టన్ నుండి దాదాపు 60 మైళ్లు సైకిల్ తొక్కి, దారిలో ఒక రాత్రి సత్రంలో ఉండి, బడికి చేరాడు.

కేంబ్రిడ్జిలో చదివి 1936లో ఒక గొప్ప పరిశోధనా పత్రం రాశారు. ఏ ప్రోగ్రామునైనా చూసి అది ఎప్పటికైనా ఆగుతుందా, ఆగదా అని ముందే చెప్పగల పద్ధతి అన్నింటికీ పనికివచ్చేలా ఒక్కటి ఉండదని ఆ పని నుండి తేలింది. అంటే వేచి చూసే ఓపికకు మనమే ఒక గడువు పెట్టుకోవాలి. ఒక్కో చుట్టు తొందరగా అయ్యే లూపులో ప్రతి చుట్టుకూ గడియారం చూసుకుంటే చాలు. ఒక్క చుట్టే గంటలు తింటే? లోపల ఇరుక్కున్న ప్రోగ్రాం గడియారం చూడలేదు, బయటి నుండి ఇంకొకటి దాన్ని ఆపాలి.

యుద్ధంలో ఆయనకు అసలైన గడువు ఎదురైంది. 1939 సెప్టెంబర్ 4న బ్లెచ్లీ పార్కులో చేరారు. జర్మన్ల ఎనిగ్మా సంకేతాల అమరిక రోజుకోసారి మారేది. మూడు చక్రాలకు 17,576 స్థానాలు, అయిదింట్లో మూడు ఎంచి వరుస పెడితే 60 వరుసలు, ఆపైన తీగల కలయికలు వేరే. పోలండ్ గణితవేత్తలు ముందే దారి చూపారు. ట్యూరింగ్ రూపొందించిన 'బాంబ్' యంత్రం (పేలేది కాదు లెండి!) 1940 మార్చిలో వచ్చింది. వాతావరణ నివేదికల్లో తప్పక ఉండే మాటలను ఊహించి ఇస్తే, కుదరని అమరికలను వదిలేస్తూ తిరిగి, కుదిరేలా కనబడిన చోట ఆగేది. అక్కడి మహిళా సిబ్బంది ఆ స్థానం రాసుకుని మళ్లీ నడిపేవారు. ఆలస్యంగా దొరికిన జవాబుకు విలువ తగ్గేది, అట్లాంటిక్‌లో ఓడలు మునిగేవి. నౌకాదళానికి 336 వరుసలు. అన్నీ తిప్పే తీరిక లేదు. అందుకే యంత్రం ఎక్కించకముందే చాలా వరుసలను కాగితం మీదే కొట్టివేసే పద్ధతి ట్యూరింగ్ కనిపెట్టారు. మాకు యంత్రం కన్నా ఇదే గొప్పగా తోస్తుంది. మనుషులు చాలడం లేదని 1941 అక్టోబరులో మరో ముగ్గురితో కలిసి నేరుగా ప్రధాని చర్చిల్‌కే ఉత్తరం రాశారు, పని జరిగింది.

ఇంత చేసిన మనిషిని 1952లో స్వలింగ సంబంధం నేరమని కోర్టు శిక్షించింది. జైలుకు బదులు హార్మోన్ల చికిత్స ఒప్పుకోవలసి వచ్చింది. 1954 జూన్ 7న సైనైడ్ విషంతో మరణించారు, విచారణలో ఆత్మహత్య అని తేల్చారు. వయసు 41. బ్రిటన్ ప్రధాని 2009లో క్షమాపణ చెప్పారు. రాణి క్షమాభిక్ష 2013లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి 59 ఏళ్లు.